పులి లేని కిటికీ

వరంగల్‌ల ఉండి కోతులకు భయపడనోళ్లు ఎవరన్న ఉంటే నాకు చూపియ్యున్రి. మాది బజార్ల కిరాణ దుకాణం, దాని మీదనే ఇల్లు. బెల్లం వాసనకు గుంపులు గుంపులుగ దిగుతయి. అందుకే దుకాణం ముంగట ఒక పులి బొమ్మ, పైన లోపటి గది కిటికీల ఇంకో పులి బొమ్మ పెట్టినం. ఆ కిటికీకి రెండు ఊచలు ఊడిపోయినయి, ఆ సందుల పులి సరిగ్గ పట్టింది. పాప పుట్టినంక దాన్ని నేను దేవునికన్న ఎక్కువ నమ్మిన. పాపకు కట్టంగ మిగిలిన నల్లదారం దాని మెడకు కట్టిన.

ఒక ఆదివారం పగటిపూట మా తమ్ముడు దోస్తును ఎంటబెట్టుకొని వచ్చిండు. మా తమ్మునికి ఒక ఆట పిచ్చి. చాప మీద కాగితాలు పరిచి కథ చెప్తడు. కథల మన మనిషి ఏం జేస్తడో మనం చెప్పాలె, అది అయితదా కాదా అన్నది పాచికలు తేలుస్తయి. మా ఆయన కింద దుకాణంల ఉన్నడు, పాప లోపటి గదిల తొట్టెల్ల నిద్రపోయింది. సరే, జర సేపు ఆడుదమని నేను గూడ కూసున్న.

కథల అడవి దారి. నా మనిషి అందరికి కావలి. పొదల ఏదో నక్కి ఉన్నదని, అది దాగినదానికి ఒక పాచిక, నేను పసిగట్టేదానికి ఒక పాచిక వేయించిండు. నేను ఓడిపోయిన. వాడు ఎనక దాసిన పులి బొమ్మను తీసి చాప నడుమ పెట్టిండు. కిందికెళ్లి దుకాణంది తెచ్చిండనుకున్న. పులి మీద పడ్డది, నువ్వు చూసుకోలే, ఈ మొదటి రౌండ్ల నువ్వేం చెయ్యరాదు అన్నడు.

నాకు ఒళ్లు మండింది. కావలి మనిషినిరా, కనీసం అరవనన్న అరవనా అని కొట్లాడిన. తొండి ఆట అన్న. బిడ్డ పుట్టినకాడికెళ్లి నిద్రల గూడ చెవులు తెరిచే ఉంటున్న, నాకు తెల్వకుంట మీదికొచ్చేది ఇంకా పుట్టలేదని గూడ అన్న. వాడు నవ్విండు. ఎంతటోళ్లకైన ఒక రౌండు పోతది, రూల్ రూలే అన్నడు.

ఇంకా తిడుదమని పులి దిక్కు చూసిన. మెడకు నల్లదారం ఉన్నది.

"ఇది ఎక్కడిదిరా?"

"లోపటి కిటికీలది అక్కా."

లేచి ఉరికిన.

తొట్టెల అంచు మీద కోతి కూసున్నది. పెద్దది. చప్పుడే లేదు. చెయ్యి లోపటికి పెట్టి పాప కాలి పట్టీని పట్టుకొని చూస్తాంది. పాప కండ్లు తెరిచి దాన్నే చూస్తాంది. నేను గడపకాడ నిలబడ్డ. అరవాలె, నోరు పెగల్లేదు. పక్కనే చీపురు ఉన్నది, చెయ్యి లేవలేదు. అది పట్టీని గుంజింది. నేను గుడ్లప్పగించి చూస్తనే ఉన్న.

పాప కెవ్వుమన్నది. కోతి పండ్లు ఇకిలించింది. అప్పుడు నాకు కాళ్లొచ్చినయి. చీపురు ఎప్పుడు అందుకున్ననో, ఏమని అరిచిన్నో తెల్వది. అది కిటికీల సందుల నుంచి దుంకి పోయింది.

మా ఆయన ఉరికొచ్చి పాపను తిప్పి తిప్పి చూసిండు. గీత గూడ పడలేదు. అయినా కోతికన్న నాకు నా మీదనే ఎక్కువ భయమైంది. రేపు ఇంకేదన్న వస్తే గూడ ఇట్లనే నిలబడుతనా? కన్నతల్లిని, నిలబడి చూసిన, నిలబడి చూసినరా అని తమ్మునితోని అన్న.

వాడు పులిని మళ్లా కిటికీల పెడుతాండు. నా దిక్కు తిరగకుంటనే అన్నడు.

"అక్కా, ఆ రౌండు నీది గాదు. తర్వాతది నీదే గద."

ఈసారి తొండి అనలేదు. పాపను ఒళ్లె పెట్టుకొని ఏడ్చిన.

తెల్లారే ఊచలు పెట్టించినం. అయినా ఆ గదిల చప్పుడు ఆగితే నాకు ఇప్పటికీ భయమే. చూసొద్దమని లేస్త, ముందుగాల చీపురు చేతిల పట్టుకుంట.