ఎదురింటి జడ్జిగారు

మా పెదనాన్న జడ్జి, మా నాన్న వకీలు. ఖర్మ కాకపోతే, పెదనాన్నకు మా ఊరికే బదిలీ అవ్వాలా, ఆయనకిచ్చిన ప్రభుత్వ బంగళా సరిగ్గా మా ఇంటికి ఎదురుగానే ఉండాలా!

వచ్చిన రోజే నాన్నను పిలిచి చెప్పేశాడట. "నీ కేసులు నా కోర్టుకు రావు, నిజమే. కానీ నేను మీ ఇంట్లో కాఫీ తాగానని తెలిస్తే రేపటి నుంచి జనం నీ గుమ్మం ముందు బారులు తీరతారు. నా ఉద్యోగం అయ్యేదాకా రాకపోకలు వద్దురా."

నాన్న సరేనన్నాడు. ఆయనకూ పరువంటే ప్రాణం. "అన్నగారితో ఒక్క మాట చెప్పండి" అంటూ పళ్లబుట్టలతో వచ్చినవాళ్లను గుమ్మంలోంచే సాగనంపేవాడు.

చెడింది నా పెళ్లప్పుడే. మండపం నిండా వకీళ్లే ఉంటారని పెదనాన్న రాలేదు, పెద్దమ్మను ఒక్కదాన్నే పంపాడు. నాన్న భోజనాల దగ్గర నవ్వుతూనే తిరిగాడు గానీ, మర్నాటి నుంచి ఎవరైనా పెదనాన్న మాటెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. ఇద్దరూ ఇద్దరే, మొండిఘటాలు. నాకైతే ఇద్దరి మీదా ఒళ్లు మండేది.

అయినా రోజూ పొద్దున్నే ఒకే వేళకు గేట్ల దగ్గరికి వచ్చి మొక్కలకు నీళ్లు పోసేవాళ్లు, ఆయన అటు, ఈయన ఇటు. మాటా పలుకూ ఉండేది కాదు. వానాకాలంలోనైతే గొడుగు పట్టుకుని మరీ పోసేవాళ్లు. "వేళ్లు కుళ్లిపోతాయండీ" అని అమ్మ మొత్తుకున్నా నాన్న వినేవాడు కాదు.

పెదనాన్న పదవీ విరమణ రోజు నేను పుట్టింట్లోనే ఉన్నాను. వీడ్కోలు సభకు నాన్న వెళ్లలేదు. తెల్లారితే ఎదురింటికి సామాన్ల లారీ వస్తుంది. ఈ సాయంత్రం గడిచిపోతే అన్నదమ్ములు ఇక ఇంతేననిపించింది.

చీకటి పడుతుండగా గేటు చప్పుడైంది. పెదనాన్న! కోటు లేదు, వెంట బంట్రోతు లేడు. ఇంట్లో వేసుకునే బట్టలతోనే వచ్చి వరండా మెట్టు మీద ఆగిపోయాడు.

"లోపలికి రావచ్చా?"

నాన్న పేపరు దించలేదు. "పిల్ల పెళ్లికి రానివాడికి ఇప్పుడు దారి తెలిసిందా?"

"ఆ రోజు వీధి చివర కారులో కూర్చున్నానురా. దిగుదామని తలుపు కూడా తీశాను. దిగలేకపోయాను. తప్పు నాదే."

పేపరు మెల్లగా కిందికి వచ్చింది. నాన్న కళ్లు తడిగా ఉన్నాయి. "అక్కడే నిలబడి వాదిస్తావా ఏంటి? వచ్చి కూర్చో అన్నయ్యా" అని, లోపలికి కేకేశాడు. "ఏమోయ్, కాఫీ! అన్నయ్యకు పంచదార ఎక్కువ వెయ్యి."

"వద్దురా, షుగరొచ్చింది."

"ఎప్పుడు?" నాన్న అదిరిపడ్డాడు. వీధికి ఇవతలే ఉండి ఆ సంగతి తెలియనందుకు ఆ రాత్రంతా తనను తానే తిట్టుకుంటూ కూర్చున్నాడు.

పెదనాన్న మా ఇంట్లోనే పడుకున్నాడు. పొద్దున నేను లేచేసరికి ఇద్దరూ వంటింట్లో కబుర్లలో పడి ఉన్నారు. బయట లారీవాడు హారన్ మోగిస్తున్నా ఎవరికీ పట్టలేదు. రెండిళ్ల మొక్కలకూ ఆ పూట నేనే నీళ్లు పోశాను.