చివరి డిస్క్ కోసం మజ్నూ కా టీలా దాకా

సోమవారం మా అమ్మాయి మేఘన పుణె హాస్టల్‌కు వెళ్ళిపోతోంది. ముందురోజు ఆదివారం సాయంత్రం మా కొరియన్ సీరియల్ చివరి రెండు భాగాలు కలిసి చూడాలని మా ఒప్పందం. అంతకుముందు పద్దెనిమిదీ ఒకే సోఫాలో కూర్చుని చూశాం. తను నాతో పది నిమిషాలు ఆపకుండా మాట్లాడే విషయం ఇంట్లో అదొక్కటే. అయినా శుక్రవారం మధ్యాహ్నం నేను ఆగలేకపోయాను. ఒక్కదాన్నే చివరి డిస్క్ పెట్టుకుని చూసేశాను. అంతలో తలుపు గంట మోగితే కంగారుగా ప్లేయర్‌లోంచి లాగబోయి విరగ్గొట్టాను కూడా. నలభై నాలుగేళ్ళదాన్ని, ఎం.ఏ. చదివినదాన్ని, ఆ ముక్కలు బియ్యం డబ్బా వెనక దాచాను. అలాంటిదే ఇంకోటి తెచ్చి గుట్టుగా పెట్టేద్దామని, ఆదివారం పొద్దున కరోల్ బాగ్‌లో పనుందని చెప్పి బయల్దేరాను.

రాజధానికి ఈ చివర మేముండే ద్వారకాలో ఎనిమిదిన్నరకు మెట్రో ఎక్కి, రాజీవ్ చౌక్‌లో మారి, ఆ లైను చివరి స్టేషన్ విశ్వవిద్యాలయలో దిగేసరికి పది కావస్తోంది. టోకెన్ ఇరవై చిల్లర. సీటు దొరికినా కూర్చోలేకపోయాను. ఈ కథల్లో ఏముందని ఇంత అవస్థ? మన సీరియళ్ళలా ఏళ్ళ తరబడి సాగవు, ఇరవై భాగాల్లో అయిపోతాయి, అది నచ్చింది. చెయ్యి పట్టుకోవడానికి ఎనిమిది భాగాలు తీసుకునే హీరో ఇంకా నచ్చాడు. వాళ్ళ సినిమాలే నావల్ల కాలేదు, ఆ నెత్తురు చూడలేక ఒకటి సగంలో ఆపేశాను. పాటలంటారా, కళ్ళ మీద జుట్టు పడే అయిదుగురిలో ఎవరు ఎవరో మేఘన చెబితేగానీ నాకు తెలియదు.

స్టేషన్ బయట సైకిల్ రిక్షాకు ఇరవై రూపాయలు. "గురుద్వారాకా మేడమ్, మోమోలకా?" అన్నాడు రిక్షా అతను. సినిమా డిస్క్ కోసమన్నాను. "ఇంట్లో టీవీ పాడైందా?" అని జాలిపడ్డాడు.

మజ్నూ కా టీలా అంటే టిబెటన్ కాలనీ. దాని సన్న సందుల్లో మూడో మలుపు దగ్గరుంది నేనెప్పుడూ కొనే దుకాణం. యజమానురాలు పెదవి విరిచింది. "ఆ సెట్ ఖతమ్ దీదీ. అయినా ఆఖరి డిస్క్ ఒక్కటే ఎవరు అమ్ముతారు?"

పక్కన డిస్కులు తిరగేస్తున్న అమ్మాయి తలెత్తింది. పేరు లింతోయి, మణిపూర్ నుంచి వచ్చి సివిల్స్‌కు చదువుతోంది. "మా రూమ్‌లో ఉంది ఆంటీ. రండి, దగ్గరే, ముఖర్జీ నగరే కదా!"

ఒకే రిక్షాలో పావుగంట ప్రయాణం. మూడో అంతస్తులో పీజీ గది, అయిదుగురు అమ్మాయిలు, గోడ నిండా మ్యాపులు. వాళ్ళకో పద్ధతి ఉందట. అయిదుగురికీ టెస్టులు అయ్యేదాకా ఏ సీరియల్ చివరి డిస్కయినా ట్రంకు పెట్టెలో తాళం వేసి ఉంచుతారు. ఎవరూ ఒంటరిగా చూడకూడదు.

"మరి మీ డిస్క్ ఏమైంది ఆంటీ?"

ప్లేయర్ పాడు చేసిందని చెప్పాలనే నోరు తెరిచాను. ఆ పెట్టె ఎదురుగా కూర్చుని అబద్ధం రాలేదు. అంతా చెప్పేశాను.

"అరే ఆంటీ! మా దగ్గరైతే నెల రోజులు మీతో మాటలు బంద్, మోమోలు కూడా బంద్!" అంది ఒకమ్మాయి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

కింద సైబర్ కేఫ్‌లో కాపీ తీయించి ఇస్తూ లింతోయి అంది, "ఠీక్ హై, తీసుకోండి. లేకిన్ బేటీకి నిజం చెప్పండి."

"చెబితే నాతో కూర్చోదేమో."

"చెప్పకపోతే ఏడవాల్సిన సీన్‌కు మీరు ముందే ఏడుస్తారు. పట్టుబడిపోతారు."

మూడింటికి ఇల్లు చేరాను. చెప్పులు విప్పకుండానే చెప్పేశాను. మేఘన సర్దుతున్న సూట్‌కేసు వదిలేసి నిలబడింది. "మమ్మీ, ఆప్‌నే అకేలే దేఖ్ లియా? సచ్ మే?" ఒక్కదాన్నే చూసేశానా, నిజంగానా అని. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. వంటింట్లోకీ హాల్లోకీ ఎన్నిసార్లు తిరిగానో. ఆరింటికి తనే వచ్చి డిస్క్ పెట్టింది. సోఫాలో రెండో చివర కూర్చుంది.

"స్క్రీన్ చూడు మమ్మీ. నా మొహం కాదు. నెక్స్ట్ ఏమవుతుందో నీ కళ్ళల్లో తెలిసిపోతుంది."

రేపటి నుంచి కనబడని ఆ మొహం చూడాలనే నా ఆరాటమంతా. అయినా రెండు గంటలూ తెరనే చూశాను.

కొరియా కథల మీద నా ఫిర్యాదు ఒకటే. ఎదుటివాళ్ళ మంచికే అనుకుంటూ ఒక్క మాట దాచి పది భాగాలు నలుగుతారు. ఇన్నాళ్ళూ అది రచయితల బద్ధకం అనుకున్నాను. ఇప్పుడంత నమ్మకంగా అనలేను. చెప్పి మంచిపని చేశానా, తన చివరి సాయంత్రం పాడు చేశానా, అదీ తేల్చుకోలేకపోతున్నాను. చివర్లో, తెర మీద పేర్లు పడుతుండగా, పక్క నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. అప్పుడు కూడా తిరిగి చూడలేదు.

అక్కడ సెట్ కొనడానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: దుకాణంలో చిన్న టీవీ ఉంటుంది. మొదటి డిస్క్ కాదు, చివరిది పెట్టించి చూసుకోండి. బొమ్మ వస్తోందని తెలియగానే ఆపించేయండి.