చంద్రుడి బండిలో చెంబెడు నీళ్ళు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు మొదటి నుంచీ నవ్వే. జీడితోటలో ఫలానా చెట్టు కింద ఎవరో తెల్లచీర కట్టుకుని నిలబడిందని మా ఊరి ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే, "బీడీ ఏటైనా కావాలేమో అడక్కపోనారా" అనేవాణ్ణి. చచ్చినవాళ్ళు చచ్చినట్టే, మళ్ళీ రారు అని అందరితో వాదించేవాణ్ణి.

నేను రాసే మనిషిని కాదు. ఐదో తరగతితో నా బడి అయిపోయింది. ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకుని చదవండి. కానీ జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను. ఒక్క ముక్క ఎక్కువ చెప్పను.

మాది పూండి దగ్గర ఉద్దానం పల్లె. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాను. పని నుంచి వచ్చాక, సెలవు రోజుల్లో, నాకో పిచ్చి ఉంది. కంప్యూటర్‌లో అంతరిక్ష నౌకల మోడళ్ళు తయారుచేస్తాను. ఉపగ్రహాలు, రాకెట్లు, చంద్రుడి మీద దిగే బండ్లు. మన బండి చంద్రుడి మీద దిగిన రోజు అందరిలాగే నేనూ టీవీ ముందు కూర్చున్నాను. ఆ తర్వాత ఫోన్‌లో ఒక వీడియో కనబడింది. ఎవరో కుర్రాడు ఆ బండిని కంప్యూటర్‌లో మేకుతో సహా కడుతున్నాడు. అప్పటి నుంచి నాకు అదే ధ్యాస.

మూసేసిన నెట్ సెంటర్ నుంచి ఒక పాత కంప్యూటర్ తెచ్చుకున్నాను. ఇంగ్లీషు నాకు రాదు. ఏ బటన్ ఎక్కడుందో దాని బొమ్మని బట్టి గుర్తుపెట్టుకుంటాను. మోడల్‌లో ప్రతి ముక్కకీ ఒక పేరు పెట్టాలి. నేను తెలుగులోనే పెట్టుకుంటాను. కాలు, మోకాలు, తలుపు, మేకు, బంగారు రేకు. ఆ రేకు ముడతలు సరిగ్గా రావడానికి బిస్కెట్ ప్యాకెట్ లోపలి కాగితాన్ని నలిపి, ఎండలో పెట్టి చూస్తూ ఎన్ని సెలవులు కూర్చున్నానో నాకే తెలియదు.

ఇంకో మాట చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మనం కట్టిన మోడల్ తెరమీద ఉత్తి బొమ్మలా ఉంటుంది. అంతా అయ్యాక, వెలుగు ఎక్కడ పడుతుంది, నీడ ఎటు పోతుంది అని కంప్యూటర్ తనే లెక్క కట్టుకుని, నిజంగా ఫోటో తీసినట్టు ఒక చిత్రం ఇస్తుంది. దాన్ని రెండర్ అంటారు. నా ముసలి కంప్యూటర్‌కి ఒక్క చిత్రానికి ఒక పూట పట్టేస్తుంది. ఏ ముక్క మనం పెట్టామో అదే చిత్రంలో వస్తుంది. పెట్టనిది రాదు.

నా పక్కన కూర్చుని ఇదంతా చూసే మనిషి ఒక్కడే. మా మావ. అంటే మా అమ్మకి తమ్ముడు, నాకు పిల్లనిచ్చిన మామగారు కూడా. వాళ్ళకి కొడుకులు లేరు, అందుకని మావ, అత్త మా ఇంట్లోనే ఉండేవారు. మావకి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఇది కొత్త సంగతి కాదు, వీధికొకరు ఉంటారు. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుని, పిండేసిన బట్టలా ఇంటికొచ్చేవాడు.

ఆ జబ్బులో అన్నిటికంటే కష్టం దాహం. నీళ్ళు ఎక్కువ తాగితే కాళ్ళు వాచిపోతాయి, ఊపిరి అందదు. అందుకని డాక్టర్లు కొలిచి ఇమ్మంటారు. మా అత్త ఒక చిన్న స్టీలు గ్లాసు పెట్టుకుని, దానితోనే ఇచ్చేది. అంతకు మించి చుక్క ఇచ్చేది కాదు. నీళ్ళ బిందె వంటింట్లో పెట్టి తలుపుకి గడియ వేసేది.

బాగున్న రోజుల్లో మావ నీళ్ళు తాగడం చూసి తీరాలి. కొబ్బరితోట నుంచి వచ్చి, ఇత్తడి చెంబు ఎత్తి, మూతికి తగలకుండా పైనుంచి గొంతులోకి పోసుకునేవాడు. సగం గొంతులోకి, సగం గుండె మీదికి. నేలంతా తడి. "మనిసివా, గేదివా" అని అత్త రోజూ తిట్టేది. "సల్లగుందే, నీకేటి పోయింది" అని మావ నవ్వేవాడు. జబ్బు వచ్చాక ఆ చెంబు అటకెక్కింది.

ఒకరోజు నేను బండికి కాళ్ళు బిగిస్తుంటే అడిగాడు.

"ఏట్రా అల్లుడూ, ఇన్ని సేత్తన్నావు, ఒక్కదాన్లోనైనా మనిసి కూకునే సోటుందేటి?"

"ఇవి మనుసులెక్కేవి కావు మావా. మిషన్లు తమంతట తామే ఎల్తాయి."

"అయితే ఎందుకురా అవి? నాకొకటి సెయ్యి. నులక మంచం ఎయ్యి. పక్కన సెంబుడు నీలెట్టు. ఆ సందమామ మీద మీ అత్త గ్లాసు ఉండదు కదా!"

వంటింట్లోంచి అత్త అరిచింది. "అక్కడికీ వచ్చీసి కొలుత్తాను, ఏటనుకున్నావో!"

అందరం నవ్వాం. నేను మాట ఇచ్చాను. మాట ఇచ్చాక నిజంగానే మొదలుపెట్టాను. చంద్రుడి మీద దిగి ఉన్న బండి, లోపల ఒక గది, గుండ్రటి కిటికీ, నులక మంచం. మావ పక్కన కూర్చుని అల్లిక ఎటు నుంచి ఎటు పోవాలో వేలితో గాల్లో చూపించేవాడు. అటక మీది చెంబు దించి, బల్ల మీద పెట్టుకుని, దాన్ని చూసి అచ్చం అలాగే చేశాను. అంచుకి ఉన్న సొట్టతో సహా. లోపల నీళ్ళు నిండుగా పెట్టాను. ఆ ముక్కకి 'నీళ్ళు' అని పేరు పెట్టాను.

లోకనాథం అని నా స్నేహితుడు, పూండిలో ఫోటో స్టూడియో నడుపుతాడు. బావా అంటే బావా అనుకుంటాం. వాడికి చూపిస్తే ఒకటే నవ్వు. "అంతరిచ్చంలో నీలు సెంబులో ఉంటాయేటి బావా? గాల్లో తేలిపోవా?" అన్నాడు. బండి చంద్రుడి మీద దిగే ఉంది కాబట్టి అక్కడ కొంచెమైనా బరువుంటుంది, నీళ్ళు చెంబులోనే ఉంటాయి అని చెప్పాను.

మొదటి రెండర్ వచ్చిన రోజు మావ డయాలసిస్ నుంచి వచ్చి పడుకుని ఉన్నాడు. ఫోన్‌లో చూపించాను. కిటికీలోంచి వచ్చిన వెలుగు చెంబులో నీళ్ళ మీద పడి, చిన్న రేకలా మెరుస్తోంది. మావ ఫోన్‌ని దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు. గుటక వేయడం నాకు వినబడింది.

"ఇది నాదే కదరా? ఎవుల్నీ ముట్టనీకు."

ఆ వారం దాటకుండానే మావ పోయాడు. పొద్దున్న కాఫీ వేళ, ఇంట్లోనే, అత్త చేతుల్లో. చివరి మాట కూడా నీళ్ళే. అత్త గ్లాసుతో తెచ్చేసరికి అయిపోయింది.

మా వైపు ఒక ఆచారం ఉంది. దినాల్లో ఒకరోజు సాయంత్రం, మనిషి ప్రాణం పోయిన చోట పొయ్యి బూడిద జల్లెడ పట్టి పలచగా పరుస్తారు. దీపం పెట్టి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి, గంప బోర్లించి తలుపు వేసేస్తారు. తెల్లారి తీసి చూస్తారు. బూడిదలో పిట్ట కాలో, పిల్లి అడుగో, చివరికి చీమ నడిచిన గీతైనా కనబడితే మనిషి వచ్చి వెళ్ళాడని లెక్క. నీళ్ళు కాస్త తగ్గితే తాగి వెళ్ళాడని ఇంట్లోవాళ్ళకి తృప్తి. నాకు వీటి మీద నమ్మకం లేదు, కానీ అడ్డు చెప్పలేదు. ఆ సాయంత్రం అత్తే ఒక్కతే లోపలికి వెళ్ళి అన్నీ పెట్టి, గంప బోర్లించి వచ్చింది.

తెల్లారి గంప తీశారు. బూడిద మీద గీత కూడా లేదు. పరిచింది పరిచినట్టే ఉంది. నీళ్ళూ తగ్గలేదు. అప్పుడు చూశాం అందరం, అక్కడ ఉన్నది చెంబు కాదు. అత్త చిన్న స్టీలు గ్లాసు. అందులో కూడా సగమే నీళ్ళు. ఇన్నాళ్ళూ కొలిచి ఇచ్చి ఇచ్చి, ఆవిడ చెయ్యి తనంతట తానే ఆ గ్లాసు అందుకుంది. పెట్టేటప్పుడు ఆవిడకే తెలియలేదు.

అత్త ఆ గ్లాసు చూసి కూలబడిపోయింది.

"సచ్చినాక కూడా కొలిసీసినానా! ఓలమ్మ, అందుకే రానేదు. దాహంతోటే ఎల్లిపోనాడు."

ఆ తర్వాత ఆవిడ నీళ్ళు ముట్టడం మానేసింది. ఎండలు మండిపోతున్నాయి. ఎవరెంత బతిమాలినా పెదాలు తడుపుకుని వదిలేసేది. "ఆడికి నేని నీలు నాకెందుకు" అనేది. నా భార్య పక్కన కూర్చుని ఏడ్చేది. తండ్రి పోయాడు, ఇప్పుడు తల్లి కూడా పోతుందని దాని భయం. పెద్దదినం దాకా ఈవిడ నిలబడుతుందా అని నాకూ గుబులు పట్టుకుంది.

పెద్దదినానికి మావ ఫోటో పక్కన ఆ బండి చిత్రం కూడా పెట్టాలనుకున్నాను. పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి, పెద్ద సైజులో రెండర్ పెట్టి, సామాన్లకి పలాస వెళ్ళాను. మోడల్‌లో నేను ఏమీ మార్చలేదు. మధ్యాహ్నం వచ్చేసరికి చిత్రం తయారుగా ఉంది.

ముందు కాళ్ళు చూశాను. రేకు చూశాను. మంచం చూశాను. అప్పుడు చెంబు చూశాను.

చెంబు ఖాళీ.

అడుగు కనిపిస్తోంది. లోపల ఇత్తడి మసక. కిటికీ వెలుగు నీళ్ళ మీద కాకుండా నేరుగా చెంబు అడుగున పడుతోంది. మంచం పక్కన నేల మీద అరచేయంత మేర నల్లగా, తడిగా, మెరుస్తూ ఉంది. చుట్టూ చిన్న చిన్న చుక్కలు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మోడల్ తెరిచి చూశాను. 'నీళ్ళు' ఉన్నాయి. పెట్టినచోటే, నిండుగా ఉన్నాయి. తడి ఉన్నచోట నొక్కి చూస్తే ఉత్తి నేల తప్ప ఇంకో ముక్క లేదు. చిన్న సైజులో ఇంకోసారి రెండర్ పెట్టాను. మళ్ళీ ఖాళీ చెంబు, మళ్ళీ అదే తడి.

లోకనాథానికి ఫోన్ చేశాను. మోటార్ సైకిల్ మీద వచ్చాడు. "నీ కంప్యూటర్ ముసిల్దైపోయింది బావా, దానికీ సత్వారం వచ్చీసింది" అంటూనే లోపలికొచ్చాడు. చూసి, మోడల్‌ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, స్టూడియోకి వెళ్ళి తన కొత్త కంప్యూటర్‌లో పెట్టాడు. ఫోన్ చేసి చెబుతాడనుకున్నాను. చెయ్యలేదు. అదే ఖాళీ చెంబు, అదే తడి వచ్చిన ప్రింట్ తీసుకుని తనే మళ్ళీ వచ్చాడు. గుమ్మంలో నిలబడి కవరు ఇచ్చాడు, లోపలికి రాలేదు. వాడి మొహంలో నవ్వు లేదు.

"ఇది నువ్వు సెయ్యలేదని మీ పిల్లల మీద ఒట్టెయ్యి బావా" అన్నాడు.

ఒట్టేశాను.

అత్తకి చూపించకూడదనే అనుకున్నాం. కానీ మా గొంతులు విని ఆవిడే గోడ పట్టుకుంటూ వచ్చింది. కవరులోంచి చిత్రం తీసింది. కంప్యూటర్ సంగతులు ఆవిడకి ఏమీ తెలియవు. చెంబుకేసి కూడా చూడలేదు. ముందు ఆవిడ కళ్ళు నేల మీద తడి దగ్గర ఆగాయి.

"ఒలకబోసీసినాడు సూడు" అంది. "మల్లీ గుండె మీదంతా ఒలకబోసుకున్నాడు. ఎంత సెప్పినా ఇనడు కదా మనిసి."

నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. గడియ తీసిన చప్పుడు వినిపించింది. బిందెలో ఇత్తడి చెంబు ముంచి, ఎత్తి, మూతికి తగలకుండా పైనుంచి పోసుకుని తాగింది. జాకెట్టంతా తడిసిపోయింది. ఆవిడ అలా తాగడం మేమెవరం ఎప్పుడూ చూడలేదు.

పెద్దదినం అయిపోయింది. ఆ తర్వాత సెలవు రోజున, భయం భయంగానే, ఇంకోసారి రెండర్ పెట్టాను. ఏమీ ముట్టుకోలేదు. సాయంత్రానికి చిత్రం వచ్చింది. చెంబు నిండుగా ఉంది. నీళ్ళ మీద వెలుగు రేక మెరుస్తోంది. నేల పొడిగా ఉంది. పూండిలో లోకనాథం పెట్టినా అంతే వచ్చింది. ఖాళీ చెంబు చిత్రాలు మాత్రం అలాగే ఉన్నాయి. నా దగ్గరా ఉన్నాయి, వాడి దగ్గరా ఉన్నాయి.

ఇలాంటి మోడళ్ళు చేసేవాళ్ళ గ్రూపులో పెట్టి అడిగాను. ఏదో సెట్టింగ్ మారి ఉంటుంది, నీళ్ళ ముక్క దాగిపోయి ఉంటుంది అన్నారు. సరే, నీళ్ళు దాగిపోయాయనే అనుకుందాం. మరి ఆ తడి ఎక్కడిది? నాకు తెలియదు. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. లేవని వాదించడం మాత్రం మానేశాను.

కొత్త చిత్రాన్ని ఫ్రేము కట్టించి మావ ఫోటో పక్కన తగిలించాను. అత్త కొంగుతో అద్దం తుడిచి, దగ్గరగా వెళ్ళి చూసింది. నా తల నిమిరింది.

"మల్లీ నింపీసినావేటి? మంచి పని సేసినావురా."

నేను తలూపాను. నేను నింపలేదు.