వేపాకు లేని బియ్యం

ఇప్పటికీ బియ్యం కడిగే ముందు దోసిట్లోకి తీసుకుని వాసన చూస్తాను. కోడళ్లు పురుగు కోసం అనుకుంటారు. కాదు. పదహారేళ్లుగా నా లోపల ఒక సంచి ఉంది. ఎప్పుడు దాని మూతి ఊడుతుందోనని ప్రతి పూటా భయం. మా ఆయన ఉన్నన్నాళ్లు ఆయన పరువు కోసం ఆగానన్నాను. ఆయన పోయి మూడేళ్లయింది. మరి ఈ మూడేళ్లు ఎవరి కోసం ఆగాను? మూడో తరగతితో బడి మానిన చేతిరాత ఇది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. చేసింది నేను. ఆ మాట మాత్రం దిద్దకండి.

మాది బెల్లంపల్లి పక్క ఊరు. భూమి ఉన్న ఇల్లు. మా ఆయన చుట్టుపక్కల భజన సంఘాలకు పెద్ద. బొగ్గుబావుల పనికి మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన కుటుంబాలు అప్పట్లో కంపెనీ కట్టిన వరస ఇళ్లలో ఉండేవి, లైన్లు అంటారు వాటిని. వాళ్లకు విఠోబా భజన చేయించేవాడు దేవాజీ. పగలు బావిలో బొగ్గు తట్ట మోసేవాడు, సాయంత్రం తాళాలు పట్టేవాడు. పిల్లకు పేరు పెట్టాలన్నా, చచ్చినవాళ్ల దగ్గర నాలుగు మంచి మాటలు చెప్పాలన్నా అతనే. మహారాజ్ అని పిలిచేవారు. వాళ్ల భజనకు నీడ లేదు. వానొస్తే దేవుని పటాన్ని గోనెసంచిలో చుట్టుకుని పరుగెత్తేవారు.

ఇలాంటి ఎనిమిది మంది భజన పెద్దలకు చందా అడగడం నేర్పించాలని మా ఆయన కరీంనగర్ నుంచి ఒక ముసలి పంతులును పిలిపించాడు. మూడు రోజుల శిక్షణ, మా వాకిట్లోనే. వంట నాది. ఇంట్లో ఉన్న మంచి బియ్యం అడుగంటాయి. ఒక్కొక్క విస్తరి పరిచినప్పుడల్లా నా కడుపు మండింది. ఆ మంట గురించి ముందే చెబుతున్నాను, తర్వాత చేసినదానికి నాకు నేను చెప్పుకున్న సాకు అదే కాబట్టి.

పంతులు పాఠాలు ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. నిలబడి అడగొద్దు, ఇంటివాళ్లను కూర్చోబెట్టి అడగాలి. మగవాడి కంటే ముందు ఆడదాని చెవిన వేయాలి. వచ్చినదాన్ని ఇచ్చినవాళ్ల కళ్ల ముందే పోయాలి. రెండో రోజు, అడగడం అలవాటు చేయిస్తాను, ఇవ్వనని మొండికేసే మనిషి ఒకరు కావాలన్నాడు.

"మా ఇంటామెనే కూసోబెట్టు పంతులూ," అన్నాడు మా ఆయన. "ఆమెకు నేర్పే పని లేదు. పిల్లికి సుత బిచ్చం పెట్టదు."

అందరూ నవ్వారు. నేను వంటింటి గడప మీద కూర్చున్నాను. వచ్చినవాడిని వచ్చినట్టే తిప్పి పంపాను. దేవాజీ వంతు వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాయీ," అన్నాడు. వాళ్లు తల్లిని అలా పిలుస్తారు. "నువ్వు లేదంటే మల్ల అడుగుడు నాకు రాదు. గందుకే అడుగుతలేను."

పంతులు తల కొట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. లేచి లోపలికి పోయాను.

చివరి రోజు చెప్పింది పిడికెడు బియ్యం పద్ధతి. రోజూ పొయ్యి వెలిగించే ముందు ఇంటికొక పిడికెడు దేవుని కుండలో వేయాలి. రెండు నెలల తర్వాత ఎవరి బియ్యం వాళ్లు మా వాకిట్లో తెల్ల దుప్పటి మీద పోసి చూపాలి, తర్వాత అమ్ముకుని భజన ఖర్చుకు వాడుకోవాలి. బాగా కూడబెట్టినవాళ్లకు భజన పందిరికి రేకులు ఇస్తామన్నాడు మా ఆయన. మావాళ్లు జొన్నరొట్టె తినేటోళ్లన్నాడు దేవాజీ. జొన్నలు వద్దు, బియ్యమే తెమ్మన్నాడు పంతులు. దాంతో లైన్ల ఆడవాళ్లు దేవుని కోసమే సన్నబియ్యం కొన్నారు. తాము రొట్టెలే తిన్నారు.

లైన్లలో ఎలుకల బాధ. అందుకని వాళ్ల సంచి మా గింజల గదిలో పెట్టుకోమన్నాం. ప్రతి వారం చంద్రబాయి ఇంటింటి బియ్యం తెచ్చి అందులో పోసేది. భర్త బావిలో చనిపోయిన మనిషి. పోసినప్పుడల్లా గుప్పెడు ఎండిన వేపాకు వేసి, మూతి బిగించి పోయేది. పురుగు పట్టకుండా.

అదే గదిలో నా బియ్యం ఒక సంచి ఉంది. అవీ సన్నవే, కానీ వానకు తడిసి, గడ్డకట్టి, పురుగు పట్టినవి. కూలివాళ్లు కూడా వద్దన్నారు. పారబోయడానికి నాకు చేతులు రాలేదు. మూడు రోజులు వాళ్లకు నేను వండిపెట్టలేదా? వాళ్లు అమ్ముకునేవే కదా, వండుకునేవి కాదు కదా? కొనేవాడు చెరుక్కోడా? పంతులు నేర్పినట్టే నన్ను నేను కూర్చోబెట్టి అడిగాను. నేను కాదనలేదు.

బియ్యం చూపే ముందు రోజు మధ్యాహ్నం, మా ఆయన చేనుకు పోయినప్పుడు, మార్చేశాను. మానికకు మానిక కొలిచాను. ఒక్క గింజ తక్కువ పోయలేదు, అందుకే అది దొంగతనం కాదనుకున్నాను. వేపాకులు కూడా ఏరి నా డబ్బాలో వేసుకున్నాను, వృథా ఎందుకని. చివరికి ఆమె వేసినట్టే ముడి వేశాను. ముడి వేసేముందు లేచి గది తలుపు మూసి వచ్చాను. దొంగతనం కాకపోతే తలుపు ఎందుకు మూశాను?

మర్నాడు దేవాజీ సంచి విప్పగానే ముందు ముక్కిన వాసన వచ్చింది. తర్వాత దుప్పటి మీద పురుగులు నడిచాయి.

"ఏం మహారాజ్, విఠోబాకు కూర సుత మీరే తెచ్చిన్రా?" అన్నాడు ఎవరో.

వాకిలంతా నవ్వింది. దేవాజీ ఆ నవ్వు ఆగేదాకా ఆగాడు. గుప్పెడు బియ్యం తీసుకుని వంటింటి గడప దగ్గరికి వచ్చాడు. ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ఈసారి అడిగాడు.

"మాయీ, గీ బియ్యం మావేనా?"

"ముడి మీరేసిందే గదా," అన్నాను. "ఏ ఇంటామె ఏం పోసిందో మీ ఆడోళ్లనే అడుగు."

మొదటి మాటతో ఆగొచ్చు కదా. రెండోది ఎందుకన్నాను? భయం వల్ల అని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. భయపడినవాళ్లు నోరు మూసుకుంటారు గానీ ఇంకొకరి వైపు వేలు చూపిస్తారా?

అతను తిరిగి చంద్రబాయిని చూశాడు. అనుమానించి కాదు, తెచ్చింది ఆమె కాబట్టి చూశాడు. అతను చూశాడని అందరూ చూశారు. ఆమె దుప్పటి పక్కన కూలబడి రెండు చేతులతో బియ్యం కెలికింది.

"యాపాకు ఏది? నేను ఏసిన యాపాకు ఏది?"

ఎవరూ పట్టించుకోలేదు. డబ్బా నా వెనక గూట్లో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

రేకులు వేరే ఊరికి పోయాయి. చంద్రబాయి మంచివి దాచుకుని చెడ్డవి పోసిందని లైన్లలో చెప్పుకున్నారు. ఆమె ఇంటి పిడికెడు తీసుకోవడం మానేశారు. భజనలో అందరికీ ఎడంగా కూర్చునేదట. దేవాజీ ఆ తర్వాత ఎవరినీ ఏదీ అడగలేదట. దేవుని పటం గోనెసంచిలోనే ఉండిపోయింది. వాళ్ల బియ్యం మేము తిన్నాం. ఈ మాట రాయడానికి పెన్ను రెండుసార్లు కింద పెట్టాను. మా ఆయన రెండోసారి కలుపుకుంటూ, "గీసారి బియ్యం మంచిగున్నయి," అన్నాడు.

కొన్నేళ్లకు అక్కడి బావి మూతపడింది. అప్పుడు ఒక సంచి సన్నబియ్యం బండిలో వేసుకుని లైన్లకు పోయాను. సగం ఇళ్లకు తలుపులే లేవు. దేవాజీ లేడు, చంద్రబాయి లేదు. చంద్రాపూర్ వైపు పోయారన్నారు గానీ, ఏ ఊరో చెప్పేవాళ్లు లేరు. బియ్యం తిరిగి తెచ్చాను. అవి కూడా వండుకున్నాం. పారబోసే చెయ్యి కాదు నాది. దొరికి ఉంటే నిజం చెప్పేదాన్నా, బియ్యం దించి వచ్చేసేదాన్నా? దించి వచ్చేసేదాన్ననే అనుకుంటున్నాను.

వాకిట్లో ఎవరైనా "మాయీ" అంటే ఇప్పటికీ చేతిలో చాట జారుతుంది. ఇది రాశాక జారదని నమ్మకం లేదు. ఎవరో క్షమిస్తారనీ రాయలేదు. ఆ రోజు ఆ వాకిట్లో ఒక మనిషి రెండుసార్లు అడిగింది, జవాబు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అది ఇప్పుడు చెబుతున్నాను.

నువ్వు వేశావు చంద్రబాయీ. ప్రతి వారం వేశావు. ఏరేసింది నేను.