ఎదురింటి పెద్దమ్మగారు ఇవ్వని ఇంటర్వ్యూ

మా ఎదురింటి పెద్దమ్మగారు కిందటి నెల మొదటి మంగళవారం తెల్లవారుజామున కన్నుమూశారు. నిద్రలోనే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయారని వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టింది. సింగపూర్‌లో, జురాంగ్ ఈస్ట్ స్టేషన్లో రైలు మారబోతూ అది చదివాను. "ఎవరినీ" అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. నన్ను పెట్టారు. ఐదు నెలలుగా నేనడుగుతున్న ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పకుండా, నా పరిశోధనలో మూడో అధ్యాయాన్ని నడిసముద్రంలో వదిలేసి, ఆవిడ మాత్రం ఒడ్డు చేరుకున్నారు.

చచ్చిపోయినవాళ్ళ మీద కోపగించుకోకూడదంటారు. నిజమే. కానీ అలా అన్నవాళ్ళెవరూ మా పెద్దమ్మగారిని ఇంటర్వ్యూ చెయ్యడానికి ప్రయత్నించి ఉండరు.

మా గొడవ ఏమిటో పాఠకులకు విన్నవించుకోవాలి. నేను ఇక్కడి విశ్వవిద్యాలయంలో పాతకాలపు ఓడవ్యాపారం మీద పరిశోధన చేస్తున్నాను. మలక్కా రేవు వెలుగుతున్న రోజుల్లో మన తీరం నుంచి అద్దకపు బట్టలు మూటలు మూటలుగా ఇటు వచ్చేవి. ఈ దీవుల్లో వాటిని పెళ్ళిళ్ళలో కప్పుకున్నారు, పెట్టెల్లో దాచుకున్నారు, పిల్లలకు ఆస్తిగా ఇచ్చుకున్నారు. ఓడలెక్కిన వర్తకుల గురించి రాతలున్నాయి. ఓడలు దోచినవాళ్ళ గురించి ఇంకా ఎక్కువ ఉన్నాయి. రంగులద్దినవాళ్ళ మాట మాత్రం ఎక్కడా లేదు. నా ప్రశ్న చిన్నది: జన్మలో ఓడెక్కని అద్దకంవాళ్ళకు, సముద్రం అవతల ఎవరికి ఏ పువ్వు నచ్చుతుందో ఎలా తెలిసింది?

మా గైడ్‌గారు మర్యాదస్తుడు. "అద్దినవాళ్ళ వైపు నుంచి ఒక్క ఆధారమైనా దొరికితే ఈ అధ్యాయం ఉంచుదాం, లేకపోతే తీసేసి వర్తకుల మీదే రాసుకో" అన్నాడు. అంటే మళ్ళీ ఓడలవాళ్ళే గెలుస్తారన్నమాట.

అప్పుడు దొరికారు పెద్దమ్మగారు. యీషున్‌లో నేను అద్దెకుంటున్న గదికి సరిగ్గా ఎదురు ఫ్లాటు. కూతురి దగ్గర ఉండటానికి వచ్చారు. పుట్టిల్లు పెడన, నాలుగు తరాల అద్దకం. లిఫ్టు దగ్గర పరిచయమైన పది నిమిషాలకే ఆవిడ కుడిచేతి గోళ్ళ చుట్టూ ఉన్న గోధుమరంగు చూసి, నా అధ్యాయం నడిచి వచ్చి నా ఎదురుగా నిలబడిందనుకున్నాను. మర్నాడే ఫోనులో రికార్డరు పెట్టుకుని వెళ్ళాను.

"అదేంటి అబ్బాయ్, పోలీసోడిలాగా?"

"మీరు చెప్పింది రాసుకోవాలి పెద్దమ్మగారూ."

"చెప్తే వచ్చేది కబురు. ఉడికిస్తే వచ్చేది రంగు. ముందో గుడ్డ రంగులోకి దించు, తర్వాత అడుగు."

ఆ రోజు మొదలైన నా శిష్యరికం గురించి చెబితే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. మూరెడు తెల్లగుడ్డ. గంజి పోయేదాకా ఉతకాలి, కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టాలి, ఎండబెట్టాలి, పటికనీళ్ళతో బొమ్మ గీయాలి, ఊరనివ్వాలి, పారే నీళ్ళలో జాడించాలి, మంజిష్ఠ వేరుతో ఉడకబెట్టాలి. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. వినడానికి ఉప్మా అంత సులువు.

మొదటి గుడ్డ పాల దగ్గరే పోయింది. గేదెపాలు కావాలన్నారు. నేను సూపర్‌మార్కెట్లో దొరికిన వెన్న తీసిన పాలు తెచ్చాను. ఆవిడ మూత తీసి వాసన చూసి, "ఇది పాలు కడిగిన నీళ్ళురా" అన్నారు. వెన్న లేక పటిక పాకిపోయి, నేను గీసిన మామిడిపిందె మద్రాసు పటంలా తేలింది. రెండో గుడ్డ వాన పాలయింది. కిటికీ బయట వెదురుకర్రకు ఆరేసి కిందికి వెళ్ళి కోపీ, అంటే ఇక్కడి కాఫీ, తాగొచ్చేలోపు, రోజూ మధ్యాహ్నం పడే ఆ వాన ఆ రోజు కూడా పడింది. మూడోదాన్ని నేనే పిండేశాను. "పిండకు! పిండితే బొమ్మకు ముడతలొస్తాయి, దానంతటదాన్ని కారనీ" అని ఆవిడ వంటింట్లోంచి కేకవేసేసరికి ఆలస్యమైపోయింది.

ప్రతిసారీ ఫోను తీసేవాణ్ణి. "పోనీ ఇప్పుడు చెప్పండి, బేరగాళ్ళకు ఏది నచ్చుతుందో మీ తాతలకెలా తెలిసేది?"

"గుడ్డ దిగిందా?"

"దిగలేదు."

"అయితే నీకెందుకు?"

వాళ్ళమ్మాయిని అక్కా అని పిలుస్తాను. ఇరవయ్యేళ్ళుగా ఇక్కడున్న మనిషి, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలిస్తుంది. సాయం చెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డాను. "అమ్మ అంతే లా. నాకు ముగ్గు నేర్పడానికే రెండేళ్ళు తీసుకుంది. నీకు డెడ్‌లైన్ ఉందని చెప్పనా?" అంది. చెప్పింది కూడా. "ఎండకు చెప్పమను ఆ ముక్క" అని లోపల్నుంచి వినపడింది.

నాలుగో గుడ్డకు గీతలు గీస్తుంటే ఒక తీగ వంకరగా కనపడింది. ఆవిడ నమూనా గుడ్డలోనే అది వంకరగా ఉంది. ఇంజనీరింగు చదివిన పాపానికి నేను తిన్నగా గీశాను. చేతి మీద ఒక్కటి పడింది.

"దిద్దడానికి నువ్వెవడివి?"

"వంకరగా ఉంది కదా పెద్దమ్మగారూ!"

"గీసిచ్చినోడి వంకర గీసిచ్చినోడిది. నీకేం పోయింది?"

ఇది చాదస్తమని అప్పుడు నిర్ధారించుకుని, ఆ పూటకు రికార్డరు ఆపేశాను.

చాదస్తమని చెప్పానుగాని, మిగతావి కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. నాకు జ్వరమొచ్చిన వారం మిరియాల చారు గ్లాసులో పోసుకుని, ఆ గ్లాసు చీరకొంగుతో పట్టుకుని కారిడార్ దాటి వచ్చేవారు. ఏ ఊరి నీళ్ళైనా నాలుక మీద ఒక చుక్క వేసుకుని చూసేవారు. సింగపూర్ నీళ్ళకు ఆవిడిచ్చిన తీర్పు: "తప్పు లేదు, ఒప్పూ లేదు." నా అధ్యాయం చదివి వినిపిస్తే కళ్ళు మూసుకుని విన్నారు. మెచ్చుకుంటారనుకున్నాను. "ఓడలు బాగున్నాయి. మనుషులేరీ?" అన్నారు. అదే కదా నేనూ మొత్తుకుంటున్నది!

చివరికి, ఆవిడ మంచం పట్టే ముందు, విసుగెత్తి నా నోటుపుస్తకం తీసుకెళ్ళాను. మ్యూజియంలో ఒక పాత గుడ్డ మీద చూసిన పువ్వును అందులో గీసుకున్నాను. నాకు బొమ్మలు రావు. పువ్వుకు ఒక పక్క నాలుగు రేకులు, ఇంకో పక్క మూడు. ఒక రేకు సంగతి తేలక, పక్కనే బాణం వేసి ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. పేజీ మధ్యలో నా కోపీ గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చుపడింది. "ఇలాంటి పువ్వు ఆ దేశంవాళ్ళకు కావాలని మీవాళ్ళకు ఎవరు చెప్పారు? ఇది ఒక్కటి చెప్పండి చాలు" అని బతిమాలాను.

ఆవిడ ఆ పేజీని చాలాసేపు చూశారు. తర్వాత నా అనుమతి లేకుండా చింపి దిండు కింద పెట్టుకున్నారు.

"దాని వెనకాల నా నోట్సుంది!"

"ఉండనీ. చూస్తా."

చూస్తూనే ఉన్నారు. నేను వారం వారం అడుగుతూనే ఉన్నాను. గైడ్‌గారిచ్చిన గడువు దగ్గరపడింది. ఆ మంగళవారం వచ్చింది.

పదమూడో రోజు భోజనాలయ్యాక అక్క ఒక ప్లాస్టిక్ సంచి నా చేతికిచ్చింది. లోపల మడతపెట్టిన తెల్లగుడ్డ, పొట్లంలో మంజిష్ఠ. గుడ్డ మీద ఏమీ లేదు.

"మంచం మీద కూర్చుని పుల్లతో నీళ్ళు గీస్తుంటే మతి తప్పిందేమో అనుకున్నాను. నాతోనే జాడింపించింది. 'వాడికియ్యి, ఉడకబెట్టుకోమను' అంది."

"ఏం గీశారక్కా?"

"పటిక కదా, కనపడదు. మామూలుగా కాస్త ఎర్రమట్టి కలుపుతారు, గీత తెలియడానికి. నీకని కలపలేదు."

నీకని! పోతూ పోతూ కూడా ఆటే.

ఇవాళ ఆదివారం, పొద్దున అక్కావాళ్ళ బిర్యానీ గిన్నెలో నీళ్ళు మరిగించి, వేరు వేసి, గుడ్డ దించాను. గరిటె పెట్టి తిప్పుతూ నిలబడ్డాను. చాలాసేపు గుడ్డంతా మురికి గులాబీరంగే. ఐదో ఓటమి అనుకుని స్టవ్ ఆపబోతుంటే, పక్కన నిలబడ్డ అక్క నా మోచెయ్యి పట్టుకుంది.

ముందు తేలింది పువ్వు కాదు. ఒక గుండ్రం. కొంచెం తెగి, ఒక వైపు మందంగా, ఇంకో వైపు పల్చగా. అది నా కోపీ గ్లాసని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. తర్వాత దాని లోపల పువ్వు. ఇటు నాలుగు రేకులు, అటు మూడు. ఆ పక్కన బాణం. బాణం చివర, తీగకు కాసిన మొగ్గలా చక్కగా వంపు తిరిగి, కింద చుక్కతో సహా, నా ప్రశ్నార్థకం.

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "అమ్మ చిన్నప్పుడు తాతయ్య అనేవాడట. నమూనా కాయితం మీద ఈగ చచ్చి అతుక్కుంటే ఈగతో సహా అద్దాలని. దిద్దితే సరుకు వెనక్కొస్తుందని."

ఎవరికి ఏది నచ్చుతుందో వాళ్ళకు తెలియదు. తెలుసని అనుకోనూ లేదు. అవతలి ఒడ్డు నుంచి వచ్చిన నమూనాను వంకరతో సహా, మరకతో సహా చూసి అలాగే అద్దారు. అంతే. ఆవిడ ఐదో తరగతి దాకా చదువుకున్నారు. ప్రశ్నార్థకం అంటే ఏమిటో తెలియని మనిషి కాదు.

ఒక్క వాక్యంలో చెప్పొచ్చు కదా పెద్దమ్మగారూ! ఫోను ఆన్‌లోనే ఉంది కదా!

రేపు ఈ గుడ్డను గైడ్‌గారి బల్ల మీద పరుస్తాను. ఇది ఆధారమా అని అడుగుతాడు. అడగనీ. ఇది ఉంటే మూడో అధ్యాయం ఉంటుంది, లేకపోతే నేనూ ఉండనని చెప్పబోతున్నాను.

ప్రస్తుతానికి అది కిటికీ బయట వెదురుకర్ర మీద ఉంది. పశ్చిమాన మబ్బు పట్టింది. నేను పిండలేదు. దానంతటదే కారుతోంది. కోపీ మరక లోపలి పువ్వు నుంచి ఎర్రటి చుక్కలు ఒక్కొక్కటే, పది అంతస్తుల కిందికి.