చెల్లెను తీసుకురావడానికి పోయిన రాజారాం తాత

మా తాత రాజారాం నలభై ఏళ్లు నీరడి పని చేశాడు. కాలువ నీళ్లు ఏ పొలానికి ఏ పూట పారాలో చూసి తూము తీసే పని, మూసే పని. ఇప్పుడు ఆ పని వేరేవాళ్లు చేస్తున్నారు. ఆ సంగతి బాన్సువాడలో అందరికీ తెలుసు, తాతకు తప్ప. ఎవరింట్లో నల్లా కారుతున్నా లోపలికి పోయి కట్టేసి వస్తాడు. కింద బకెట్ ఉందా లేదా అని కూడా చూడడు.

ఇంత జాగ్రత్త మనిషి సొంత చెల్లె విషయంలో మాత్రం తప్పు చేశాడు. గౌరీబాయి అవ్వ కాపురం జుక్కల్ దగ్గర, మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లో. మా దిక్కు ఆడబిడ్డను కొన్నేళ్లకోసారి తల్లిగారింటికి తీసుకొచ్చి, కొత్త చీర పెట్టి, ఒళ్లో పసుపు బియ్యం పోస్తాం. అవే ఒడిబియ్యం. తీసుకురావడానికి తోడబుట్టినవాడే పోవాలి. పోయినసారి సరిగ్గా ఆ రోజే కాలువకు నీళ్లు వదిలారు. తాత తూము దగ్గర ఉండిపోయి మా నాన్నను కారుతో పంపాడు. అవ్వ ఆ కారును ఖాళీగా తిప్పి పంపింది.

"నన్ను తోల్కపోయెటోడు మా అన్న, కారు గాదు" అందట.

రెండేళ్లు మాటల్లేవు. మొన్న డిసెంబర్‌లో తాతే దిగొచ్చి ఫోన్ చేశాడు. అవ్వ ఒకటే చెప్పింది. "గురువారం పొద్దు మునిగేలోపల నా గడపకాడ నిలబడు. నిలబడకపోతే నాకు తల్లిగారిల్లు లేదనుకుంట."

గురువారం పొద్దున్నే బయల్దేరాం. నాన్న బండి నడుపుతున్నాడు, నానమ్మ పట్టుచీర కట్టింది, తాత తెల్ల ధోతి కట్టాడు. నన్ను పిలవకపోయినా నేనూ ఎక్కాను. నిజాంసాగర్ దిక్కు కాలువ కట్ట మీదుగా పోతే దగ్గరని తాతే చెప్పాడు. పట్టుమని పదిహేను కిలోమీటర్లు పోయామో లేదో, "ఆపు" అన్నాడు.

"ఏమైంది బాపూ?" అన్నాడు నాన్న.

"నీళ్లు పోతున్నయ్. ఎవడో తూము ఇడిసిపెట్టిండు."

"పోనీ. మన కాలువ గాదు గదా."

"నీళ్లకు మనోళ్లు, పరాయోళ్లు ఉంటరా?"

నాన్న కట్ట దిగువన బండి ఆపగానే ధోతి ఎగ్గట్టి దిగిపోయాడు. రాళ్లు, గడ్డి, బురద కలిపి పది నిమిషాల్లో తూము మూసేశాడు. నానమ్మ కారులోంచి చూస్తూ, "ఈయనకు చెల్లె యాదికి రావాల్నంటే కాలువ ఎండాలె" అంది.

తాత మోకాళ్ల దాకా బురదతో, మొహం నిండా నవ్వుతో పైకొచ్చాడు. అంతలో పొలంలోంచి ఒకాయన పార పట్టుకుని ఉరికొచ్చాడు. పేరు వెంకట్రాములు అని తర్వాత తెలిసింది.

"నా నీళ్లు ఎవరు బంద్ వెట్టిండ్రు? నారు వోసుకున్న. ఇన్ని దినాలకు నా వంతు వచ్చిందని పొద్దుగాల్ల నేనే తెరిచిన."

వంతు తప్పించారని నలభై ఏళ్లు ఊరందరినీ తిట్టిన తాత ఇప్పుడు ఇంకొకరి వంతు ఆపాడు. నిజం చెప్పాలంటే నాకు సంబరంగానే ఉంది. వెంకట్రాములు చేతిలోంచి పార తీసుకుని, తాతే మళ్లీ దిగి తూము తెరిచాడు. ఆగిన నీళ్లన్నీ ఒక్కసారే ఉరికి, కట్ట దిగువన నిలిపిన కారు కిందికి వచ్చాయి. వెనక చక్రాలు సగం దిగబడ్డాయి. నాన్న రేస్ ఇస్తే ఇంకా దిగబడ్డాయి. చివరికి క్లచ్ కాలిన వాసన వచ్చింది.

బాన్సువాడకు ఫోన్ చేస్తే కిరాయి బండ్లన్నీ పెండ్లిళ్లకు పోయాయన్నారు. బండిని లేపాలని తంటాలు పడేసరికే మధ్యాహ్నం రెండు దాటింది. తాత గట్టు మీద కూర్చుని సూర్యుణ్ని చూస్తున్నాడు.

"తమ్మీ" అన్నాడు వెంకట్రాములుతో, "పొద్దు మునిగేలోపల మా చెల్లె గడపకాడ ఉండాలె. ఒడిబియ్యానికి తోల్కరావాలె. ఈసారి పోకపోతే ఇగ రాదు."

"గీ ముచ్చట తూము ముట్టకముందు యాదికి రాలేదా కాకా?" అని ఆయన ఇంటికి పోయి ట్రాక్టర్ తెచ్చాడు.

ట్రాలీలో వరిగడ్డి మీద మేం నలుగురం. నానమ్మ తలనిండా గడ్డిపోచలు. "మా పెండ్లికి గూడ గింత ఊరేగలేదు" అంటోంది. తాత అంచు పట్టుకుని నిలబడే ఉన్నాడు. నేను ఊరుకోలేక, దారిలో ఇంకో తూము చూపించి, "తాతా, గా తూము కారుతున్నట్టుంది" అన్నాను.

"కారనీ" అన్నాడు.

ఆ మాట తాత నోట వినడం నాకు అదే మొదలు. నాన్న కూడా వెనక్కి తిరిగి చూశాడు.

చేరేసరికి పొద్దు ఇంకా తాటిచెట్టంత ఎత్తుంది. అవ్వ గడప మీదే కూర్చుంది, పక్కన సర్దిన బ్యాగు. అన్నను కింది నుంచి పైదాకా చూసింది.

"మళ్ల నీళ్లేనా?"

"అవు" అన్నాడు తాత. అబద్ధం ఆడొచ్చు, ఆడలేదు. "ఇంకొకరి వంతు బంద్ చేసిన. కారు దిగబడ్డది. ఈ తమ్మి తోల్కవచ్చిండు."

నాన్న కళ్లు మూసుకున్నాడు. అవ్వ లేచి వెంకట్రాములుకు చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాతే తాత దిక్కు తిరిగింది.

"నిలబడుమన్న గని గిట్ల నిలబడుమన్ననా? బురదకు వాకిట్ల బండలన్నీ కరాబైతున్నయ్. నడువు పోదాం."

ట్రాలీ ఎక్కనంది. వెంకట్రాములు పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, తిన్నగా రోడ్డెక్కబోతున్న బండిని ఊళ్లోకి తిప్పించింది.

"మెల్లగ నడుపు" అంది.

ప్రతి వాకిలి ముందూ ఆపించింది. తెలుగువాళ్లకు తెలుగులో, మరాఠీవాళ్లకు మరాఠీలో ఒకటే మాట చెప్పింది. "మా అన్న వచ్చిండు. నన్ను తోల్కపోతుండు." అందరూ ట్రాలీలోకి చూశారు. బురద ధోతితో తాత తల వంచుకుని, పెండ్లికొడుకులా నిలబడ్డాడు. మేం ఊరు దాటేసరికి పొద్దు మునిగింది.