పావలా చీటీ చెల్లిన రోజు

మొన్న పొద్దున్న అనకాపల్లి బెల్లం మార్కెట్టు పక్క కొట్లో కందిపప్పు కొంటే, చిల్లరగా ఇచ్చిన పది నోటు వేళ్ళకి అంటుకుపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. బెల్లప్పాకం వాసన. మా ఆవిడ నవ్వి, "డబ్బు వాసన సూసే అలవాటు ఇంకా పోలేదేటండి మీకు" అంది. ఉద్యోగమంతా క్యాష్ కౌంటరు వెనకే గడిపిన వాడికి ఎలా పోతుంది? ఆ వాసన తగిలితే చాలు, నాకు కరుణమ్మ గారు గుర్తొస్తారు.

కరుణమ్మ గారు మా సహకార బ్యాంకు సెక్రటరీ. చెరకు రైతులూ బెల్లం వర్తకులూ వాటాలు వేసుకుని పెట్టుకున్న చిన్న బ్యాంకు అది. ఆదివారం చర్చిలో మెత్తగా పాటలు పాడే మనిషి, సోమవారం బ్యాంకులో మా ప్రాణాలు తోడేసేవారు. కొత్తగా చేరిన ఎవరికైనా ముందు బ్యాంకు కథ చెప్పాల్సిందే. బెల్లం గోదాం మేడ మీద ఒక గదిలో మొదలైందట. రెండో ప్రపంచ యుద్ధకాలంలో చిల్లర నాణేలు దొరక్క సంతలు ఆగిపోతుంటే, బ్యాంకు పెద్దలు పావలాకీ అణాకీ సంతకం పెట్టిన చీటీలు అచ్చు వేయించి ఇచ్చారట. అవి చూపిస్తే కొట్లో ఉప్పూ కిరసనాయిలూ ఇచ్చేవారట. యుద్ధం అయ్యాక బ్యాంకు ఆ చీటీలు తీసుకుని నాణేలు ఇచ్చిందట. నేను ఎస్. రాయవరం నుంచి పొద్దున్నే బస్సులో నిలబడి వచ్చిన వాణ్ణి, ఆవలింత ఆపుకోలేక, "ఇదంతా నాకెందుకు మేడమ్, క్యాష్ పని నేర్పండి చాలు" అన్నాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూశారు. "నేర్పుతున్నది అదే సత్యం. కాయితానికి విలువ ఎక్కణ్ణించి వచ్చిందో తెలీకుండా ఏటి లెక్కెడతావు?"

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఎక్కడో ఒక సహకార బ్యాంకు మూతపడిందని పేపర్లో వచ్చింది. మాకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా మర్నాడు నేను వెళ్ళేసరికి మా మెట్ల దగ్గర్నుంచి రోడ్డు మలుపు దాకా జనం. అందరి చేతుల్లోనూ పాస్ పుస్తకాలే. మా డబ్బులో చాలా భాగం రైతుల చెరకు తోటల్లో అప్పుగా ఉంది. అందరూ ఒక్కసారే వచ్చి మీద పడితే ఏ బ్యాంకూ నిలబడదు. నాకు పెళ్ళై ఇంకా ఏడాది కాలేదు. ఈ బ్యాంకు పోతే నన్ను మరొకచోట తీసుకునే నాథుడు లేడు.

అప్పటికే కరుణమ్మ గారు, మా నిల్వ డబ్బు ఉన్న విశాఖపట్నం బ్యాంకుకి ఫోన్ చేసి, జీపు పంపేశారు. మా ప్రెసిడెంటు గారు బెల్లం వర్తకుడు, పాపం మంచివాడే, చెమటలు కక్కుతూ వచ్చాడు. "పది రూపాయల నోట్లే ఇప్పించండమ్మా. లెక్కెట్టుకునేసరికి సాయంత్రం అయిపోతాది. లేదంటే క్యాష్ లేదు, రేపు రండని బోర్డు ఎట్టేద్దాం" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే బాగుందనిపించింది.

"రేపని ఒక్కసారి రాసేమంటే, ఆ రేపు మనకి ఉండదండి" అన్నారు కరుణమ్మ గారు. తర్వాత నా వైపు తిరిగారు. "పెద్ద నోట్లు తియ్యి సత్యం. ఎంత తొందరగా ఇవ్వగలవో అంత తొందరగా ఇయ్యి. తలుపులు రెండూ తెరిపించు."

ఇచ్చాం. తలెత్తకుండా ఇచ్చాం. ఆవిడ తన గది వదిలి నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఇనప్పెట్టెలో అడుగు కనిపించసాగింది. జీపు ఇంకా రాలేదు. సరిగ్గా అప్పుడు రావికమతం నుంచి వచ్చిన ఒక ముసలి రైతు, పేరు అప్పలస్వామి, పాస్ పుస్తకంతో పాటు ఒక పసుప్పచ్చటి కాగితం ముక్క కౌంటరు మీద పెట్టాడు. మడతల దగ్గర చిరిగి, బెల్లం మరకలతో ఉంది.

"ఇదీ మీ బేంకు కాయితవేనంట. మా బాబు దాసేడు. సెల్లుతాదా సెల్లదా, అది సెప్పండి ముందు."

నాకు ఒళ్ళు మండింది. ఇక్కడ కొంప మునుగుతుంటే ఈయనకి పావలా చీటీ కావలసి వచ్చింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కరుణమ్మ గారు మాత్రం ఆ ముక్కని వెలుగుకి పట్టి సంతకం చూశారు. "మాదే బాబూ" అని, "ఇయ్యి సత్యం" అన్నారు.

"ఏ పద్దు కింద రాయమంటారు?"

"బాకీ పద్దు. మనం బాకీ ఉన్నాం, తీరుస్తన్నాం. ఎప్పటిలోగా తేవాలని దీని మీద రాయలేదు కదా."

నేను పావలా బిళ్ళ అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి రొంటిన దోపుకున్నాడు. "సరే. ఇంక నా డబ్బులు కూడా ఇచ్చియ్యండి" అన్నాడు. ఇక డబ్బు అడగడులే అనుకున్న నా ఆశ కాస్తా అక్కడే చచ్చింది. ఆవిడ ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. కొత్త నోట్ల కట్ట తీసి, కాగితం పట్టీ చుట్టి, నేను పొట్టి సంతకం పెట్టి ఇచ్చాను. కాసేపటికి జీపు వచ్చింది. వరస మాత్రం సాయంత్రం దాకా కదులుతూనే ఉంది. అయితే కొందరు, ముఖ్యంగా ఆ చీటీ సంగతి కళ్ళారా చూసినవాళ్ళు, పుస్తకాలు జేబులో పెట్టుకుని వెళ్ళిపోవడం నేను గమనించాను.

మర్నాడు తలుపు తీసేసరికి మెట్ల మీద అప్పలస్వామి కూర్చుని ఉన్నాడు. తువ్వాలు విప్పి కట్ట నా ముందు పెట్టాడు. నేను చుట్టిన పట్టీ చుట్టినట్టే ఉంది, నా సంతకం కూడా నలగలేదు. "జమ కట్టుకోండి. అడిగితే ఇత్తారని తెలిసిపోయింది, ఇంక నాకెందుకూ ఇది" అన్నాడు. కట్ట ఎత్తి నేరుగా సొరుగులో వేయబోయాను.

"లెక్కెట్టు" అన్నారు కరుణమ్మ గారు వెనకనుంచి.

"మన కట్టే కదా మేడమ్, విప్పనైనా లేదు. ఆయనే మనల్ని నమ్మి..."

"నమ్మేడు కాబట్టే. ఆయన ముందరే లెక్కెట్టు."

పట్టీ తెంచి, ముసలాయన చూస్తుండగా చివరి నోటు దాకా లెక్కపెట్టాను. ఆ బ్యాంకు నిలబడింది. కరుణమ్మ గారు రిటైరై, కొన్నాళ్ళకి పోయారు. ఆవిడ సమాధి దగ్గర మట్టి వేసిన రోజున నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నేను కౌంటరు దిగి కూడా కొంతకాలమైంది. కానీ ఈరోజుకీ ఎవరైనా ఏదైనా నా చేతిలో పెట్టి, "మీరు చూసుకోండి, మీ మీద నమ్మకం" అన్నారంటే, నేను వాళ్ళని వెళ్ళనివ్వను. ఎదురుగా కూర్చోబెట్టి, మొదటినుంచీ చూపిస్తాను.